చంకలో పర్సు, కాళ్లలో పరుగు

పెన్ను మూత తీశావా? ముందు ఆ ఫ్యాను ఒక పాయింటు తగ్గించు, నా మాట నాకే వినబడటం లేదు. ఆ, ఇప్పుడు రాయి. చెప్పింది చెప్పినట్టు రాయాలి సుమా. నువ్వు తెలివి చూపించి దిద్దావంటే నాకు తెలిసిపోతుంది, నలభై మంది పిల్లల్లో ఎవరు గుంజీలు ఎగ్గొట్టారో వెనక్కి తిరక్కుండా చెప్పినదాన్ని నేను.

ఇది ఎవరికోసమంటే, పొద్దున్నే రంగురంగుల బూట్లు వేసుకుని, గుంపుగా చేరి, పాట పెట్టుకుని గెంతుతారే, ఆ పిల్లల కోసం. గెంతండి నాయనా, మంచిదే. కాకపోతే హాల్లో బాగా గెంతినవాళ్లు బయట బాగా పరుగెత్తుతారని అనుకుంటారు చూడు, ఆ పొరపాటు మీకంటే చాలా ముందే నేను చేసి కూర్చున్నాను. ఆ ముచ్చటే ఇది.

నేను నాంపల్లిలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో పీటీ టీచర్‌గా చేసేదాన్ని. మాది మెదక్. విజిల్ మెడలో పడ్డాక నాకు గొంతుతో పని తగ్గిపోయింది. ఇంట్లో అన్నానికి పిలవాలన్నా ఒక్కోసారి చెయ్యి మెడ మీదికి పోయేది. మీ తాతయ్య కంచం ముందు అటెన్షన్‌లో నిలబడి, "హాజర్ మేడం" అనేవాడు.

తొంభైల చివర్లో పట్నానికి ఏరోబిక్స్ పిచ్చి పట్టింది. అబిడ్స్ గల్లీలో మా చర్చి హాలు ఒకటి ఉండేది. ఆదివారం సండే స్కూలు, శనివారం క్వయర్ ప్రాక్టీసు, మిగతా రోజులు ఖాళీ కుర్చీలు. నేను ఒక వీడియో క్యాసెట్ అరిగేదాకా చూసి ఆ గెంతులు నేర్చుకున్నాను. పాస్టరుగారిని ఒప్పించి, స్కూలు గంట కొట్టేలోపు అయిపోయేటట్టు ఆడవాళ్ల బ్యాచ్ ఒకటి మొదలుపెట్టాను. ఆయన పెట్టిన షరతు ఒక్కటే, పాటల్లో మాటలు ఉండకూడదని. మాటల్లేని గట్టి పాట కోసం కోఠి అంతా తిరిగితే చివరికి దొరికింది పెళ్లి బ్యాండు వాళ్ల క్యాసెట్. దాంతో మా బ్యాచ్ చెయ్యి ఎత్తినా, కాలు ఎత్తినా బారాత్ ముందు నడుస్తున్నట్టే ఉండేది. పాస్టరుగారు ఒకరోజు తలుపు దగ్గర నిలబడి విని, "మాటలైతే లేవు" అని నీరసంగా అని వెళ్లిపోయారు.

బ్యాచ్‌లో ఏడెనిమిది మంది. వాళ్లకి పెద్దదిక్కు బట్టల షాపు ఆంటీ. అబిడ్స్‌లో ఆమెకి చీరల షాపు ఉంది. మనిషి ఎంత లావో నోరు అంత చురుకు. ఆమె తన షాపులో చీరలు విప్పి చూపించే పిల్లని కూడా వెంట తెచ్చేది. సంగారెడ్డి దగ్గర పల్లె నుంచి వచ్చి నాంపల్లి స్టేషను వెనక కిరాయికి ఉంటున్న కుటుంబంలో కోడలు. ఆ పిల్ల పేరు చెప్పను. కోడలు అనే అంటాను, ఎందుకో నీకే తెలుస్తుంది.

ఒకరోజు అందరూ చెమట తుడుచుకుంటుంటే ఈ కోడలు నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"మేడం, జర ఒక మాట."

"చెప్పమ్మా."

"నాకు ఉరుకుడు నేర్పిస్తరా?"

"ఎవని ఎంబడి ఉరుకుతవే?" అంది ఆంటీ పక్కనుంచి.

అందరూ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. ఆడ కానిస్టేబుల్ ఉద్యోగాలు పడ్డాయట. ముందు వంద మీటర్ల పరుగు, అది పాసైతేనే రాతపరీక్ష. రాతకి భయం లేదు, ఇంటరు బాగానే చదివింది. భయమంతా పరుగుకే. మొగుడు అఫ్జల్‌గంజ్‌లో ఒక ప్రెస్సులో అక్షరాలు కూర్చేవాడు. కంప్యూటర్లు వచ్చాక ఆ పని పోయింది. కూతురు ఒకటో తరగతి.

"గీసారి కాకుంటే వచ్చేసారికి నా వయసు దాటిపోతది మేడం. అత్తమ్మ అయితే ఇగ పట్నం చాలు, ఎండాకాలం సెలవులల్ల మూటలు కట్టుకొని ఊరికి పోదం అంటున్నది. ఊర్ల మాకు ఏమున్నది? భూమి ఎప్పుడో పాయె. పిల్ల చదువు గిట్లనే పోతది."

"అత్తమ్మకు తెలుసా నువ్వు పోలీసుకు పోతున్నట్టు?"

"వామ్మో" అంది.

సరే అన్నాను. ఖోఖోలో, కబడ్డీలో ఎంతమంది ఆడపిల్లల్ని ఉరికించాను, వంద మీటర్లెంత అనుకున్నాను. గర్వం. రాయి, రాయి, ఆ మాట కూడా రాయి.

పబ్లిక్ గార్డెన్స్‌కి రమ్మన్నాను. వచ్చింది కానీ పరుగెత్తదు. "ఒక్కదాన్నే ఉరికితే అందరు నన్నే చూస్తరు మేడం" అని ఒకటే గొణుగుడు. అప్పుడు ఆంటీ లేచి కొంగు నడుముకి దోపి, "సరే, అందరం ఉరుకుదం. చూసేటోళ్లకు ఎవర్ని చూడాల్నో సమజ్ గావద్దు" అంది. అట్లా మా ఏరోబిక్స్ బ్యాచ్ మొత్తం, ఒక్కదాని ఉద్యోగం కోసం పరుగు మొదలుపెట్టింది.

విజిల్ వేశాను. అందరూ ఒకేసారి పైకి లేచారు, ఒకేసారి కిందికి దిగారు. మళ్లీ లేచారు, మళ్లీ దిగారు. మోకాళ్లు పొట్ట దాకా వస్తున్నాయి, చూడముచ్చటగా ఉంది. ఎదురుగా ఉన్న వేపచెట్టు మాత్రం దగ్గరికి రావడం లేదు! హాలు చిన్నది కదా, ఉన్నచోటే పరుగెత్తించాను అన్నాళ్లూ. కాళ్లకి పైకి పోవడమే తెలుసు, ముందుకు పోవడం ఒకటి ఉంటుందని తెలియదు. పైగా బ్యాండు లేకుండా అడుగు పడటం లేదని ఆంటీ నోటితో ఆ పెళ్లి పాట వాయిస్తోంది. వాకింగ్‌కి వచ్చిన ఒక పెద్దాయన ఆగి, కర్ర ఆనించుకుని, "మేడం, పెళ్లికొడుకు ఏడి?" అని అడిగాడు.

"ఎనక వస్తున్నడు, మీరు నడువుండ్రి" అంది ఆంటీ, గెంతడం ఆపకుండానే.

అది దిద్దడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. పిల్లలూ, మీరు కూడా వినండి, హాల్లో గెంతేవాళ్లందరికీ ఈ జబ్బు ఉంటుంది. అడుగు ఎక్కడో ముందర పడకూడదు, ఒంటి కిందే పడాలి. ఒళ్లు చీలమండల దగ్గర్నుంచి కొంచెం ముందుకి వాలాలి. మోకాలు ఎంత ఎత్తుకి లేచిందని కాదు, నేలని ఎంత వెనక్కి తోశామని చూసుకోవాలి. "నేలను ఎనకకు తన్నుండ్రి, అప్పు ఇచ్చినోడు వచ్చినట్టు" అంటే వాళ్లకి వెంటనే అర్థమైంది. అయ్యగారి భాషలో చెప్తే ఎవరికి తెలుస్తుంది?

అసలు తిప్పలు చేతుల దగ్గర వచ్చాయి. పరుగులో కాళ్లకంటే చేతులు ముఖ్యం. రెండు చేతులూ గడియారం లోలకంలా ముందుకీ వెనక్కీ ఊగాలి. మా కోడలికి కుడిచెయ్యి ఊగుతోంది. ఎడమచెయ్యి పక్కటెముకలకి అతికించినట్టు కదలదు. దాంతో మనిషి మొత్తం ఒక పక్కకి ఒరిగి, గాలి పోయిన టైరు ఉన్న ఆటోలాగా పోతోంది. చూస్తే కోడలు ఒక్కతే కాదు, బ్యాచ్ బ్యాచ్ అంతా అదే ఒరుగుడు! నేను చేసి చూపించడంలోనే ఏదైనా లోపం ఉందా అని ఇంట్లో అద్దం ముందు పరుగెత్తాను. మీ తాతయ్య పేపరు దించి, "గ్యాసు లీకైందా?" అని లేచాడు.

ఆ సాయంత్రమే కోఠిలో బస్సు కోసం నిలబడ్డాను. స్కూళ్లు, ఆఫీసులు వదిలే టైము. బస్సు రాగానే ఆడవాళ్లందరూ ఒక్కసారి కదిలారు. చూస్తే ప్రతి ఒక్కదాని పర్సూ ఎడమ చంకలో. మోచెయ్యి దాని మీద తాళం వేసినట్టు. కుడిచెయ్యేమో జనాన్ని తోసుకోవడానికి, పిల్లల్ని పట్టుకోవడానికి. తల వంచి చూసుకుంటే నాదీ అంతే. కోఠి బజార్లో, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆ జనంలో, పర్సు అట్లా పట్టుకోని ఆడదాని దగ్గర సాయంత్రానికి పర్సు ఉండదు. ఏళ్ల తరబడి కాపలా కాసిన చెయ్యి అది. పరుగు అనగానే దానికి దొంగే గుర్తుకొస్తాడు, ఇంకా గట్టిగా అతుక్కుంటుంది.

మర్నాడు వెళ్లగానే అడిగాను, "మీ పర్సులు యాడున్నయి?" అని. అందరూ ఎడమచెయ్యి ఎత్తారు. చంకల్లోంచి పర్సులు బయటపడ్డాయి. అన్నాళ్లూ చున్నీల కింద, కొంగుల కింద పర్సులతోనే పరుగెత్తుతున్నారు! విజిల్ వేసే నాకు కనబడలేదు, చూశావా.

బెంచీ మీద పెట్టించాను. పెట్టారు. ఇప్పుడు చేతులు కొంచెం వదులయ్యాయి కానీ మెడలు వెనక్కి తిరిగాయి. అందరూ ముందుకి పరుగెత్తుతూ బెంచీ వైపు చూస్తున్నారు. ఆంటీ అట్లాగే పోయి గులాబీ మడిలో దిగింది.

సరిగ్గా అప్పుడే క్రోటన్ మొక్కల వెనకనుంచి ఒక కేక వచ్చింది.

"ఏమే! షాపు జల్ది తెరుస్తున్నరని చెప్పి, గీడ గుర్రం లెక్క ఉర్కుతున్నవా?"

కోడలు ఉన్నచోటే నిలబడిపోయింది. సన్నగా, పొడుగ్గా ఉన్న ఒక పెద్దావిడ, గోచీ పోసి కట్టిన చీర, చేతిలో కూరల సంచి. అత్తమ్మ. మొజంజాహీ మార్కెట్‌కి పోతూ ఎవరో చెప్తే నేరుగా ఇటొచ్చింది.

"నువ్వేనా టీచరమ్మవు? చర్చిల ఏందో పాట పెట్టి ఎగిరిస్తున్నవంట. నేను ఒకపారి కిటికీల కెళ్లి చూసిన. అది ఏ దేవుని పాట కాదని తెలిసినంక ఊకున్న. గిప్పుడు ఉరికిస్తున్నవ్. మా ఇంట్ల ఉరుకులాట సాలదా బిడ్డా?"

ఇక దాచి లాభం లేదని సంగతి చెప్పాను. ఆవిడ సంచి కింద పెట్టింది.

"పోలీసా! ఆడిది పోలీసైతే ఇంట్లున్నోళ్ల గతేంది?"

"ఇంట్ల దొంగలుంటే వాళ్లకు భయం. మీకేంది పెద్దమ్మ?" అంది ఆంటీ, కాలికి గుచ్చుకున్న గులాబీ ముల్లు తీసుకుంటూ.

"నీకేం, షాపు ఉన్నది, మాట్లాడ్తవ్. పాసు గాకుంటే నలుగురిల నగుబాటు మాకు." కోడలి వైపు తిరిగింది. "ఉర్కు. చూస్త నేను గూడ, ఎంత ఉర్కుతవో."

వెళ్లి బెంచీ మీద, పర్సుల పక్కనే బిర్రుగా కూర్చుంది. ఆ కూర్చోవడం ఎట్లా ఉందంటే, దొంగ కాదు కదా, కాకి కూడా ఆ బెంచీ మీద వాలదు. నేను విజిల్ వేశాను. ఒక్క మెడ వెనక్కి తిరగలేదు.

ఆవిడ మర్నాడు కూడా వచ్చింది, "మార్కెట్ కు పోతా పోతా" అంటూ. ఆ మర్నాడూ అంతే. "జర పర్సులు చూస్తరా పెద్దమ్మ?" అని నేను అడిగితే, "నాకేం పనిలేదా?" అంటూనే అన్నిటినీ ఒళ్లో పెట్టుకుని, పట్టీలన్నీ కలిపి తన కొంగు చివర ముడేసింది. ఇక ఎవరూ ఒక్క పర్సు ఎత్తుకుపోలేరు, ఆవిడతో సహా ఎత్తుకుపోవాల్సిందే. ఆ ముడి పడ్డ వారం లోపల మా బ్యాచ్ ఎడమచేతులన్నీ ఊగడం మొదలుపెట్టాయి. కోడలు నిటారుగా, రెండు చేతులూ కత్తెరలా ఆడిస్తూ వస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి. అత్తమ్మ మాత్రం, "పాసు గాదు. ఊర్ల కట్టెల పొయ్యి మళ్ల లేపాలె, సున్నం గూడ కొట్టాలె" అని రోజూ అనేది. కోడలు ఆ మాట విన్నప్పుడల్లా ఇంకా గట్టిగా పరుగెత్తేది.

అంతా బాగుపడిందనుకుని స్టాప్ వాచీ తీశాను. అప్పుడు తెలిసింది మూడో సంగతి.

ఆ పిల్ల దగ్గర వేగం ఉంది. అందర్నీ దాటి ముందుకొస్తుంది. వచ్చి, పక్కకి చూస్తుంది. పక్కన ఎవరూ లేకపోతే తగ్గుతుంది!

"ఎందుకు తగ్గినవ్?"

"ఆంటీ ఎనకవడ్డది మేడం. ఇడిసిపెట్టి ఎట్ల పోవాలె?"

"నేనేమన్న చచ్చిపోతున్ననా ఈడ?" అంది ఆంటీ రొప్పుతూ. "పోవే తల్లీ! నువ్వు పోతే చీరలు మడత పెట్టేటోళ్లు లేక నేనే పరేషాన్ అయితా. నాకే లేని ఫికర్ నీకెందుకు?"

తప్పు ఆ పిల్లది కాదు. హాల్లో నేను రోజూ అరిచిన మాట ఏమిటి? "లైను తప్పొద్దు! పక్కోళ్లతోని కలిసి!" గుంపు కసరత్తు అంటేనే అంత కదా, ఒకరు ముందుకు పోతే అందం చెడుతుంది. ఆ మాట దాని ఎముకల్లోకి దిగింది. పోనీ ఒక్కదాన్నే పరుగెత్తమంటే మరీ నెమ్మది, పెళ్లివారింట్లో తోవ తప్పినట్టు చూసేది. తిట్టాను, బతిమాలాను. రోడ్డు అవతలి స్కూలు గ్రౌండులో మా తొమ్మిదో తరగతి పిల్లల పక్కన పెట్టాను. వాళ్లు పోలీసక్క అని భయపడి తగ్గారు, ఈమె మర్యాద కొద్దీ తగ్గింది, మొత్తం పందెం నడకైపోయింది. వాచీలో ఒకరోజు గడువు లోపల వస్తుంది, ఒకరోజు దాటిపోతుంది. ఏ రోజు ఏం చేస్తుందో దేవుడికే తెలుసు. ఆయనకి కూడా నేను రోజూ గుర్తుచేసేదాన్ని.

పరీక్ష రోజు అందరం వెళ్లాం. అఫ్జల్‌గంజ్‌లో బస్సెక్కాం. గ్రౌండు గేటు దగ్గర కోడల్ని ఒక్కదాన్నే లోపలికి పంపించి మమ్మల్ని ఆపేశారు. రేకుల గేటుకి రెండు రేకుల మధ్య ఒక సందు ఉంది. ఆ సందుకి ఆంటీ కన్ను పెట్టింది. ఆంటీ కన్ను పెట్టాక ఆ గేటు దగ్గర ఇంకెవరికీ చోటు ఉండదు. అందుకని ఆమె చెప్తుంటే మేం విన్నాం, రేడియోలో క్రికెట్ విన్నట్టు.

"నిలవెట్టిన్రు. ఆరుగురు ఉన్నరు. మన పిల్ల ఈ కొసకు... పక్కన ఎవరో ఉన్నది మేడం, తాటిచెట్టు లెక్క. కాళ్లకు బూట్లు లేవు, చెప్పుల్లేవు."

నా చెయ్యి మెడలో విజిల్ మీదికి పోయింది. అత్తమ్మ టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని గోడ నీడన కూర్చుంది. ఇటు చూడటం లేదు.

లోపల విజిల్ వినబడింది.

"లేసింది! చేతులు ఊపుతున్నది... రెండు చేతులు మేడం, రెండు! మంచిగ వంగింది... అయ్యో!"

"ఏంది?"

"పక్కకు చూసింది."

నేను కళ్లు మూసుకున్నాను.

"ఇంకేం?"

"ఇంకేం కనవడ్తలేదు. గోడ అడ్డమొచ్చింది."

ఆ తర్వాత ఎంతసేపు నిలబడ్డామో. బ్యాచులు లోపలికి పోతున్నాయి, ఏడుస్తూ కొందరు బయటికి వస్తున్నారు. ఏడుస్తూ వచ్చే ప్రతి పిల్లనీ మాదేనేమో అని చూడటం. పొద్దు నడినెత్తికి వచ్చాక కోడలు బయటికి వచ్చింది. ఏడవటం లేదు, నవ్వటం లేదు. నోరు ఎండిపోయి ఉంది.

"పాసైన మేడం."

ఆంటీ ఆ పిల్లని ఎత్తినంత పని చేసింది. గేటు దగ్గరున్న జవాను దూరంగా జరిగాడు. నేను మాత్రం గట్టిగా పట్టుకుని అడిగాను, "పక్కకు చూసినవంట గద? తగ్గలేదా?"

"పక్క పిల్ల మస్తు ఉర్కింది మేడం. లైను తప్పుతదేమో అని భయమైంది. నేను గూడ గట్లనే ఉర్కిన, ఆమెతోని కలిసి."

నెల రోజులు నేను దాని ఒంట్లోంచి పీకెయ్యాలని తన్నుకున్న అలవాటే దాన్ని గట్టెక్కించింది. నేను "శభాష్" అని మాత్రం అన్నాను. ఆంటీ వింటోంది, కోచ్‌గా నా పరువు కాస్త మిగలనీ అనుకున్నాను. ఆ తర్వాత సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఎవరి నడకైనా, పరుగైనా దిద్దబోయేముందు ఒక్క నిమిషం ఆగేదాన్ని. ఒంట్లో ఏ తప్పు తీసెయ్యాలో, ఏది ఉండనివ్వాలో తేల్చుకోవడం చాలా కష్టం పిల్లలూ. నాకిప్పటికీ సగమే తెలుసు. రాతపరీక్ష సంగతా? అది కూడా పాసైంది, దానికి నా అవసరం లేకపోయింది.

ఆ మధ్యాహ్నం సంగతి చెప్పి ముగిస్తాను. కోడలు గోడ నీడన ఉన్న అత్తమ్మ దగ్గరికి పోయి నిలబడింది. ఆవిడ ఏమైందని అడగలేదు. మా కేకలు వినబడే ఉంటాయి. టిఫిన్ డబ్బా మూత తీసి, "తిను" అంది. పిల్ల తింటుంటే పక్కనే మొదలుపెట్టింది.

"ఇగ రేపటి సంది డ్యూటీ అంటరు, బందోబస్తు అంటరు. పొద్దుగాల పిల్లకు జడ ఎవరెయ్యాలె? నేనే ఎయ్యాలె. బడికి ఎవరు తోల్కపోవాలె? నేనే. మీ ఆయనకు అన్నం ఎవరు పెట్టాలె? ఆ ఖాకీ బట్టలు ఎట్లుంటయో చూసినవా, గోనెసంచి లెక్క, రెండు దినాలైనా ఆరయి. వాటికి గంజి ఎవరు పెట్టాలె?"

బస్సెక్కేదాకా అదే పాట. బస్సులో కూడా అదే పాట. ఆవిడ ముందు సీట్లో, నేను వెనక సీట్లో. కోడలు ఆవిడ పక్కన కూర్చుని చాలాసేపు విని విని, చివరికి భయపడుతూ అడిగింది.

"మరి... సెలవులల్ల ఊరికి పోవుడు, అత్తమ్మ?"

ఆవిడ విసుగ్గా ఆ పిల్ల వైపు తిరిగింది.

"ఏ ఊరికే? ఒక్కదాన్ని గీ పనులన్ని చెయ్యాలె, నాకు తీరికేడున్నది?"